మెరక ముందు

ఆ ఉదయం నీళ్ళు రాకూడదని పానా మాస్టారు కోరుకున్నాడు. ఆ కోరిక తనదేనని తనలో తానైనా ఒప్పుకోవడానికి ఆయనకు కొంత సమయం పట్టింది.

నీటి సరఫరా విభాగంలో ఫిట్టరుగా చేరి, ఫిట్టర్లందరికీ మేస్త్రీగా రిటైరైన మనిషి. బోల్టులు బిగించే పానా లేకుండా ఆయన చేతిని చూసినవాళ్ళు లేరు. ఆదివారం ఉదయం తన ముందుగదిలో యూనియన్ కుర్రకారుకీ, తీరికున్న ముసలివాళ్ళకీ క్లాసు చెబుతాడు. అందుకని పానా మాస్టారు. సొంత పేరు పింఛను తీసుకునేటప్పుడు తప్ప ఆయనకే గుర్తురాదు.

ఆ గదిలో గోడకి ఒక నల్లబల్ల, నాలుగు పొడుగాటి బెంచీలు. వచ్చేవాళ్ళు మారతారు, ప్రశ్న మారదు. "పెట్టుబడిదారుల కనుసన్నల్లో నడిచే ప్రభుత్వం సోషలిస్టు ప్రభుత్వం అవుతుందా?" అవదు అన్నది జవాబు. అక్కడికి ఆయన చేరే దారి కూడా ఎప్పుడూ ఒకటే.

"ఆస్పత్రి పెట్టింది, బడి పెట్టింది, పింఛను ఇస్తోంది. సరే, కాదన్నదెవరు? ఇచ్చేది చూసి మురిసిపోకండి. పంపు ఎవరిదో అడగండి. పంపు ఎవరిదైతే ప్రభుత్వం వాళ్ళది."

ఈ క్లాసుకి బద్ధశత్రువు ఆయన బావగారే, అంటే ఆయన భార్యకి అన్న. పల్లం బజారులో ఇనప సామాన్ల కొట్టు ఆయనది. మేకుల నుంచి మోటార్ల దాకా అమ్ముతాడు. ఆయన లెక్కలో ఇది పచ్చి సోషలిస్టు ప్రభుత్వం. తన దగ్గర పిండి ఊరందరికీ పోసే ప్రభుత్వం.

"నీ ప్రభుత్వం నా నడ్డి విరగ్గొడుతోంది బావా," అంటాడు చెల్లెలింటికి వచ్చినప్పుడల్లా.

"నాదేమిటి, నీది! కొట్లున్నవాళ్ళ ప్రభుత్వం అది."

"నాదైతే నా మాట వినదేం మరి?"

"నీకంటే పెద్ద కొట్టువాడి మాట వింటోంది కాబట్టి."

మధ్యలో టీ గ్లాసులు పెడుతూ ఇల్లాలు అంటుంది, "నీదంటే నీదని ఇద్దరూ తోసేసుకుంటే, పాపం, దాన్ని పెంచేదెవరు?"

'నీ ప్రభుత్వం' అన్న ఒకే మాటని ఈ చివర ఆయనా ఆ చివర ఈయనా తిట్టుగా వాడుకోవడం చూస్తూ పెరిగింది మాస్టారి కూతురు. పెరిగి ఇంజనీరైంది. అయి, తండ్రి పానా పట్టుకు తిరిగిన పంపుహౌసుకే అధికారిగా వచ్చింది. ఆ రోజు మాస్టారు వీధిలో నడిచిన నడక చూడాలి. మడమ నేలకి ఆనిందో లేదో ఎవరికీ తెలియదు. కానీ ఆ గర్వం పక్కనే ఒక ముల్లు కూడా అప్పుడే దిగింది. కూతురు అధికారుల బల్ల అవతలివైపు కూర్చుంది. రేపు యూనియన్ వెళ్ళి తలుపు తడితే, లోపల్నుంచి వచ్చే గొంతు తన బిడ్డది.

పంపుహౌసులో ఒక ఆచారం ఉంది. డ్యూటీ దిగేవాడు ఎక్కేవాడితో "మెరక ముందు" అంటాడు. ఎక్కేవాడు "పల్లం తర్వాత" అంటాడు. అప్పుడే డ్యూటీ చేతులు మారినట్టు.

ఆ రెండు మాటల వెనక ఒక ఎండాకాలం ఉంది. మాస్టారుకి అప్పటికింకా మీసాలు నల్లగా ఉన్నాయి. పెద్ద ట్యాంకు నుంచి బయల్దేరిన గొట్టం ముందు పల్లం బజారుకీ, తర్వాత మెరక వీధికీ పోతుంది. రెండు వాల్వులూ ఒకేసారి తిప్పితే నీళ్ళన్నీ బజారే తాగేస్తుంది, మెరకకి గొట్టంలో గాలి మిగులుతుంది. మెరక మీద ఉండేది కుట్టుపనివాళ్ళు, బస్సు డ్రైవర్లు, ఆస్పత్రి ఆయాలు, ఫిట్టర్లు. ఆ ఏడాది మెరక కుళాయిల ముందు గిన్నెలు పెట్టుకుని ఆడవాళ్ళు అలాగే నిద్రపోయేవారు. ఒక ఉదయం పంపుహౌసు ఫిట్టర్లు ఎవర్నీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. పల్లం వాల్వు బిగించేసి మెరక వాల్వు తిప్పారు. పైనవాళ్ళకి నిండాక కిందికి వదిలారు. అందరికీ సరిపోయాయి. అధికారులు కేకలేశారు, వారం పోయాక తగ్గారు, ఏడాది పోయాక ఆ వరస తమదే అన్నట్టు మాట్లాడారు. ఎక్కడా రాసుకోలేదు. నోటి నుంచి నోటికి ఆ రెండు మాటలే దాన్ని మోసుకొచ్చాయి.

మాస్టారు జీవితంలో గెలిచింది అదొక్కటే అంటే ఆయన ఒప్పుకోడు. కానీ కళ్ళు మూసుకున్నప్పుడు ఆయన అరచేతిలో మెదిలేది మాత్రం ఆ వాల్వు చక్రమే.

ఇప్పుడు ప్రభుత్వం నీటి సరఫరా నడిపే పని ఒక కంపెనీకి అప్పజెప్పింది. పంపుహౌసులోకి కొత్త ప్యానెల్ వచ్చింది. వాల్వులు ఇక మోటార్లతో వాటంతటవే తిరుగుతాయి, చక్రాన్ని పట్టే చెయ్యి అక్కర్లేదు. ఆ ప్యానెల్ తన వరస తనే తెచ్చుకుంది. ట్యాంకుకి దగ్గరున్నవాళ్ళు ముందు, దూరమున్నవాళ్ళు తర్వాత. కరెంటు ఖర్చు తక్కువ అవుతుందట. సోమవారం ఉదయం నుంచి దానిదే రాజ్యం.

ఆదివారం సాయంత్రం కూతురు పుట్టింటికి వచ్చింది. ముందుగదిలో బెంచీ మీద చెప్పులు కూడా విప్పకుండా కూలబడింది.

"అమ్మాయ్, రేపు ఏ వరస?"

"ఇంకా తేలలేదు నాన్నా. మెరకే ముందని నేనంటున్నాను. పైఆఫీసరు పొద్దున్నే వస్తాడు. ఆయన ఊ అనాలి."

"అనడు."

"అనడని నీకెలా తెలుసు?"

"ముప్ఫై ఏళ్ళుగా చెబుతున్నాను, నాకు కాక ఎవరికి తెలుస్తుంది? కంపెనీ మిషను, కంపెనీ వరస. పంపు ఎవరిదో..."

"ప్రభుత్వం వాళ్ళది. ఆ పాఠం నాకు ఉగ్గుపాలతోనే పట్టావు." ఆమె నవ్వింది గాని, ఆ నవ్వులో అలసట ఉంది. "ఒక్క ప్రశ్న అడుగుతాను. నువ్వు మెరక వాల్వు ముందు తిప్పిన రోజున పంపు ఎవరిది?"

"వాళ్ళదే."

"మరి నీళ్ళు?"

మాస్టారు నల్లబల్ల వైపు చూశాడు. అక్కడ ఆ ఉదయం తన చేత్తో రాసిన ప్రశ్న ఉంది. దాని పక్కన ఎప్పుడూ ఉండే 'అవదు' కూడా ఉంది.

"మాటల్లో పెట్టకు," అన్నాడు చివరికి. "రేపు మేం ఊరేగింపు తీస్తున్నాం. ఖాళీ బకెట్లు వాయించుకుంటూ పంపుహౌసు దాకా. వీధంతా వస్తోంది. ప్రతి ఇంట్లోనూ కుళాయిలు బార్లా తిప్పి పెట్టి వెళ్ళమన్నాను."

"తిప్పి ఎందుకు?"

"సాక్ష్యం! ఎవడైనా వచ్చి చూసుకోవచ్చు, చుక్క లేదని."

"నాన్నా, బకెట్లు వాయించుకోండి, బాగుంటుంది. కుళాయిలు మాత్రం కట్టేసి వెళ్ళండి."

"సాక్ష్యం మూసెయ్యమంటావా? చూశావా, అప్పుడే ఆఫీసరు గొంతు వచ్చేసింది నీకు."

ఆమె లేచి తల్లి దగ్గరకు వంటగదిలోకి వెళ్ళిపోయింది. లోపల్నుంచి తల్లి గొంతు వినబడింది, "ఆయనకి చెప్పకే. గోడకి చెబితే కనీసం సున్నం రాలుతుంది."

సోమవారం తెల్లవారుతూనే మాస్టారు మంచం మీద కళ్ళు తెరవకుండా చెవులు తెరిచాడు. నీళ్ళు వచ్చేముందు కుళాయి దగ్గుతుంది. గొట్టంలో గాలి ముందుగా తోసుకొచ్చి, ముసలివాడి గొంతులో కఫంలా ఒకసారి గరగరమంటుంది. ఎన్నో ఏళ్ళుగా ఆ దగ్గుతోనే ఆయనకి తెల్లవారేది. వీధిలో పాలవాడి సైకిలు వెళ్ళిపోయింది. పక్కింటి బస్సు డ్రైవరు తలుపు చప్పుడైంది. వేళ దాటింది. కుళాయి దగ్గలేదు.

ఛాతీలో ఎవరో చప్పట్లు కొట్టినట్టయింది ఆయనకి.

లేచి, ముఖం తుడుచుకుని, వెళ్ళి కుళాయి కింద అరచెయ్యి పెట్టాడు. పొడి ఇత్తడి. దాన్నలా చూస్తూ నిలబడ్డాడు. భార్య వెనక నుంచి వచ్చింది.

"ముఖం వెలిగిపోతోంది, ఏమిటి సంగతి?"

"నీళ్ళు రాలేదు."

"నీళ్ళు రానందుకా ఈ వెలుగు?" ఆమె ఆయన్ని ఒక క్షణం ఎగాదిగా చూసి, ఖాళీ బకెట్టు అందించింది. "పోనీలెండి. మొత్తానికి మీరు గెలిచారు. ఇక మనం స్నానాలు చెయ్యక్కర్లేదు."

ఆ మాట సరదాకే అంది. ఆయన మాత్రం బకెట్టు పట్టుకుని గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. తనేమిటి, సంతోషపడుతున్నాడా? రోగి బతకడని చెప్పిన డాక్టరు, రోగి పోయాక లోలోపల ఎక్కడో కుదుటపడితే అదెలాంటి ఊరట? మెరక ముందు అన్న మాటని ఇన్నేళ్ళు మోసినవాడు, అది ఈ ఉదయం చచ్చిపోయిందనుకుంటే ఏడవాలి. తనలో మాత్రం ఎవడో ఒకడు బెంచీ మీద కూర్చుని, నేను చెప్పలా, నేను చెప్పలా అని తొడ చరుచుకుంటున్నాడు. వాడు కోరుతున్నది నీళ్ళు కాదు, జవాబు. ఆ జవాబు నిలబడాలంటే వీధి ఎండాలి, కూతురు ఓడిపోవాలి. వాణ్ణి అంత దగ్గరగా మాస్టారు ఎప్పుడూ చూడలేదు. చూస్తే వాడు తనకంటే వయసులో చిన్నవాడిలా, కాస్త మొండి పిల్లవాడిలా కనిపించాడు.

కానీ వీధి అప్పటికే బయటికి వచ్చేసింది. బకెట్లు, డబ్బాలు, మూతలు. కుట్టుమిషన్ అత్త అని అందరూ పిలిచే ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుని మరీ వచ్చింది. బస్సు డ్రైవరు డ్యూటీకి సెలవు పెట్టి వచ్చాడు. ఇంత మందిని చూశాక మాస్టారి వెన్ను దానంతటదే నిటారైంది.

"అందరూ కుళాయిలు తిప్పి పెట్టారా?"

"బార్లా!" అంది వీధి.

"మెరక..."

"ముందు!"

బకెట్లు మోగాయి. ఖాళీ ఇనప బకెట్టు అడుగున చేత్తో కొడితే వచ్చే మోత కడుపులోకి పోతుంది. అలాంటివి వీధి నిండా ఒక్కసారి మోగితే కిటికీల అద్దాలు కూడా గొంతు కలుపుతాయి. దిగుడు వీధి వెంట ఆ మోత దొర్లుకుంటూ పోయింది. ముందు నడుస్తున్న మాస్టారికి తొడ చరుచుకునేవాడి గొంతు ఇక వినబడలేదు. ఆ మాటకొస్తే ఏ గొంతూ వినబడలేదు. ఆ క్షణంలో ఆయన ఈ వీధికి చెందినవాడు, అంతే. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఒక మాటంటే వెనక ఇంతమంది కదిలారు. అది నిజమైన గర్వం. అందులో ముల్లు లేదు.

పంపుహౌసు మలుపు ఇంకా రాకముందే, బజారు మొదట్లో, వెనక నుంచి కుట్టుమిషన్ అత్త కేక వేసింది.

"మాస్టారూ! నా చెప్పులు తడిశాయి!"

"ఎవరో బకెట్టు ఒలకబోసి ఉంటారు, నడవండి!"

"ఖాళీ బకెట్టు ఎలా ఒలుకుతుందండీ?"

మాస్టారు ఆగాడు. వెనక్కి తిరిగాడు. ఊరేగింపు కాళ్ళ మధ్య నుంచి, చిన్న పాముల్లా, ఆ తర్వాత పెద్ద పాముల్లా, నీళ్ళు దిగి వస్తున్నాయి. వీధికి రెండు పక్కలా ప్రతి గుమ్మం నుంచీ ఒక్కో పాయ బయటపడి నడుమ కలుస్తోంది. ఎండుటాకుల్నీ, ఎవరిదో పిల్లవాడి బంతినీ, ఒక చీపురునీ మోసుకొస్తోంది. నీళ్ళు వాళ్ళని దాటి ముందుకు పోయాయి. ఊరేగింపుకి కొత్త నాయకుడు దొరికినట్టు.

బకెట్ల మోత ఒక్కొక్కటే ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో పైనున్న ఇళ్ళలోంచి కుళాయిలు ధారగా పడుతున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది.

"మా పరుపు కిందే ఉంది!" అని ఎవరో అరిచారు. అంతే, వీధి వీధంతా వెనక్కి తిరిగి, చీరలూ పంట్లాములూ పైకి పట్టుకుని, నవ్వుతూ, తిట్టుకుంటూ, మెరక ఎక్కి పరుగెత్తింది.

మాస్టారు నడివీధిలో మిగిలిపోయాడు, చేతిలో ఖాళీ బకెట్టుతో. నీళ్ళు చీలమండలకి తగులుతున్నాయి. చల్లగా ఉన్నాయి. ఇనప సామాన్ల కొట్టు గుమ్మంలోంచి బావగారు బయటికి వచ్చాడు. నిద్రముఖం, భుజం మీద తువ్వాలు, నోట్లో పళ్ళపొడి నురగ. ఉమ్మేసి అన్నాడు.

"బావా, మా కుళాయిలో చుక్క లేదు. నేనింకా నోరు కూడా కడుక్కోలేదు. మీ వీధి నీళ్ళేమో మా గుమ్మంలోకి వచ్చి మరీ వెక్కిరిస్తున్నాయి. ఇంతకన్నా సోషలిజం ఎక్కడైనా ఉంటుందా, నువ్వే చెప్పు!"

మాస్టారు కాళ్ళ కింది నీళ్ళకేసి చూశాడు. ఊరి ముందు తలకొట్టేసినట్టయిందని మొదట అనుకున్నాడు, ఆ నొప్పి కోసం లోపల వెతుక్కున్నాడు. నొప్పి ఉంది గాని చిన్నదిగా ఉంది. దాని వెనక నుంచి ఇంకేదో పొంగుతోంది. పల్లం ఎండి ఉంది. మెరక నిండింది. అంటే ఆ వాల్వు ముందు తిరిగింది. చక్రాన్ని పట్టే చెయ్యి లేకుండానే, తన అరచేతిలో ఇన్నేళ్ళూ మెదిలిన ఆ తిరుగుడు తిరిగింది.

ఆయన పంపుహౌసు వైపు నడిచాడు. నడక మళ్ళీ పాత నడకే. ఈసారి మడమ కింద తడి మాత్రం కొత్త.

గేటు దగ్గర కూతురు నిలబడి ఉంది. తండ్రినీ, ఖాళీ బకెట్టునీ, తడిసిన పంట్లామునీ చూసి పెదవి కొరుక్కుంది.

"నవ్వు. ఫరవాలేదు," అన్నాడాయన.

"కుళాయిలు కట్టేయమన్నానా లేదా?"

"అన్నావు. ఎలా ఒప్పించావో చెప్పు."

"నేను ఒప్పించలేదు. కరెంటు లెక్క చూపించి, ఈ నెలకి ఇలాగే నడవనీ, తర్వాత చూద్దాం అన్నాడు ఆఫీసరు. నేను కుదరదన్నాను. వాదించుకుంటూ ఉంటేనే వేళ దాటిపోయింది. అంతలో పై నుంచి మోత మొదలైంది. అదేమిటని అడిగాడు." ఆమె బకెట్టుకేసి చూసింది. "మా నాన్న అన్నాను."

మాస్టారు బకెట్టుని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"కిటికీ దగ్గరకి వెళ్ళి కాసేపు విన్నాడు. సరే, మెరకకే ముందివ్వండి, ఆ వరసే ఎప్పటికీ ఉంచండి అన్నాడు. నాకు పట్టిందల్లా ప్యానెల్ మీద రెండు మీటలు మార్చడానికి పట్టినంత సేపు."

"అయితే భయపడి ఇచ్చాడు."

"భయపడ్డాడు. నేను చెప్పింది సబబే అని కూడా అనిపించి ఉంటుంది. ఎందులో ఎంతో నాకు తెలియదు."

"మరి ఇది ఏ ప్రభుత్వం, అమ్మాయ్? వచ్చే ఆదివారం క్లాసులో ఏం చెప్పను?"

"పంపు వాళ్ళదే నాన్నా. అది నువ్వు చెప్పిందే. వరస మాత్రం మనది. దాన్ని ఏమంటారో నాకు తెలిస్తే నేనే క్లాసు చెప్పేదాన్ని."

ఆయన నవ్వాడు. నవ్వుతూనే అనుకున్నాడు, ఇన్నేళ్ళూ తను ఆ ప్రశ్నని గుమ్మం దగ్గర నిలబడిన పిల్లవాడిలా అడిగాడని. లోపలున్న పెద్దాయన మంచివాడా చెడ్డవాడా, మనవాడా పరాయివాడా, ఆ ఒక్కటీ తేల్చండి, తేలితే పడుకుంటాను అన్నట్టు. ఆ ముఖంకేసి చూస్తూ, తన చేతులకేసి చూసుకోవడం మానేశాడు. నల్లబల్ల మీద ప్రశ్న అలాగే ఉండనిస్తాడు. పక్కనున్న 'అవదు'ని మాత్రం తుడిచేస్తాడు. అక్కడ 'అవుతుంది' అని రాసే ప్రసక్తి లేదు. అక్కడ ఖాళీ ఉంటుంది, అంతే. ప్రతి ఆదివారం వచ్చినవాళ్ళు దానితో కుస్తీ పడతారు.

డ్యూటీ మారే వేళయింది. కంపెనీ తరఫు ఆపరేటరు వచ్చాడు, కొత్త నీలం చొక్కా వేసుకున్న బట్టతల మనిషి. కొత్త ప్యానెల్ తొలిరోజని తనే డ్యూటీ చూసిన కూతురు, తాళాలు అందిస్తూ అంది.

"మెరక ముందు."

అతను తాళాలు పట్టుకుని నిలబడిపోయాడు. "ప్యానెల్‌లో పెట్టారు కదా మేడమ్? చూశాను."

"పెట్టాను. అయినా చెప్పాలి."

"రూలా?"

"రూలు కాదు."

"మరి నేనేమనాలి?"

గేటు అవతల నుంచి మాస్టారు గొంతు పెంచాడు. "పల్లం తర్వాత! అది మీ వంతు. అనకపోతే ఆమె డ్యూటీ దిగదు, మీరు ఎక్కరు."

బట్టతల మనిషి ఇద్దరి వైపూ మార్చి మార్చి చూశాడు. వేళాకోళం కాదని ముఖాలు చూస్తే తెలుస్తోంది. గొంతు సవరించుకుని, కొత్త ఊళ్ళో చిరునామా అడిగేవాడిలా మెల్లిగా అన్నాడు.

"పల్లం తర్వాత."

తండ్రీ కూతుళ్ళు బజారు మీదుగా మెరక వైపు నడిచారు. వీధిలో నీళ్ళు తగ్గిపోయి, ఎండలో రాళ్ళు మెరుస్తున్నాయి. పై నుంచి ఎవరో పరుపు దులుపుతున్న చప్పుడు, దానితోపాటు మాస్టారి పేరు కలిపి ఒక తిట్టు, ఆ వెంటనే నవ్వులు వినిపించాయి. కొట్టు గుమ్మంలో బావగారు అప్పుడే వచ్చిన ధారలో ముఖం కడుక్కుంటున్నాడు. తువ్వాలుతో తుడుచుకుంటూ, ఖాళీ బకెట్టు చూసి పిలిచాడు.

"ఇలా తే బావా, నింపి ఇస్తాను. మా కుళాయి వచ్చింది."

"అక్కర్లేదు," అన్నాడు పానా మాస్టారు, నడక ఆపకుండానే. "మాకు ముందే వచ్చింది."